గుమ్మఘట్టలో రెండుసార్లు కురిసిన వాన

తిప్పేష్ కంప్యూటర్ నేర్చుకోవడానికి అనంతపురం బస్సెక్కిన ఏడాది పేపర్లన్నీ ఒకే పాట పాడుతున్నాయి. రెండు వేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా తలకిందులవుతాయట, వాటిని మళ్లీ నిలబెట్టడానికి మనుషులు చాలరట. బీకాం గట్టెక్కినవాడల్లా పెట్టె సర్దుకున్నాడు, తిప్పేష్ కూడా సర్దుకున్నాడు. తీరా కోర్సు ముగిసేసరికి రెండు వేలు రానే వచ్చింది, ఒక్క కంప్యూటరూ తలకిందులు కాలేదు. అవి క్షేమంగా ఉన్నాయని లోకమంతా సంబరపడుతుంటే, వాటి చావునే నమ్ముకున్నవాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుని అనంతపురం బస్టాండులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఊరికి తిరిగి వెళ్లడానికి అతనికి మొహం చెల్లలేదు. అతనిది గుమ్మఘట్ట పక్కన పల్లె. ఇటు గాలి కొడితే తెలుగు, అటు గాలి కొడితే కన్నడం మాట్లాడే ఊరు. వాన మాత్రం ఏ భాషలో పిలిచినా పలకదు. అక్కడ అతనికి తల్లి నల్లమ్మ, కాస్త మెట్ట చేను, ఎర్రోడు, మచ్చోడు అనే రెండు ఎద్దులు ఉన్నాయి. నాయన చిన్నప్పుడే పోయాడు. ఆ తర్వాత ఆ ఇంటికి మగదిక్కు ఎవరని అడిగితే ఊరివాళ్లు ఎద్దుల వైపే చెయ్యి చూపించేవాళ్లు. చదువుకునే కొడుకును లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. అందులో తప్పు పట్టడానికీ లేదు. సేద్యం చేసింది ఎద్దులు, కూర్చుని తిన్నది తిప్పేష్.

చివరికి అతన్ని చేరదీసినవాడు దివాకర్. దివాకర్‌ది పెద్ద ఇల్లు. తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ఉంది, చుట్టుపక్కల భూములున్నాయి, రెండు పార్టీల్లోనూ ఒక్కో బావమరిది ఉన్నాడు. ఏ పార్టీ గెలిచినా ఆయన కుటుంబానికే విజయం. బండల వ్యాపారంలో దుమ్ము ఎక్కువని, కంప్యూటర్ల వ్యాపారంలో ఏసీ ఉంటుందని ఎవరో చెబితే అనంతపురంలో ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. కంప్యూటర్ ఆన్ చేయడం ఆయనకు రాదు. ఆఫ్ చేయడం మాత్రం బాగా వచ్చు, కరెంటు బిల్లు కట్టేది ఆయనే కాబట్టి. తిప్పేష్‌కు అక్కడ పెళ్లి కార్డులు, బోర్డులు టైపు చేసే పని దొరికింది. రెండేళ్లపాటు అతను చేసిన సాఫ్ట్‌వేర్ సేవ అంతా శుభలేఖల్లో పెళ్లికూతురి పేరు పక్కన ‘చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి’ అని సున్నా తప్పకుండా కొట్టడమే.

అప్పుడు కరువు వచ్చింది. అంటే అంతకుముందు పోయిందని కాదు, ఈసారి మరీ గట్టిగా వచ్చింది. కరువంటే ఆకాశంలో జరిగేదని పల్లెటూరి అమాయకులు అనుకుంటారు. అది కాగితం మీద జరుగుతుంది. ఏ మండలంలో వాన సర్కారు గీసిన గీతకన్నా తక్కువ పడిందో ఆ మండలం పేరు కరువు జాబితాలోకి ఎక్కాలి. ఎక్కితే గడ్డి లారీలు వస్తాయి, పశువులు బతుకుతాయి. ఎక్కకపోతే అక్కడ కరువు లేనట్టే. నాలుక పిడచగట్టుకుపోయినా ఆ దాహం అనధికారికమే.

ఈ లెక్కలు తేల్చే ఒక సర్కారు ఆఫీసు ఉండేది. దాని పేరెందుకులే, చెబితే మిగతా ఆఫీసులు తమను వదిలేసినందుకు నొచ్చుకుంటాయి. ఆ ఆఫీసులో ఒకే ఒక కంప్యూటర్ జిల్లాలోని ఊళ్లన్నిటి వాన లెక్కనూ వరుసగా కూడుకుంటూ పోయేది. సగం జిల్లా దాటేసరికి కరెంటు పోయేది. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి ఊరి నుంచి. ఇలా అయితే కరువు జాబితా వచ్చేలోగా వానలే వచ్చేస్తాయేమోనని భయపడి ఆఫీసరు ఆ పనిని బయటికి ఇవ్వాలనుకున్నాడు. ఆ సమయానికి అధికారంలో ఉన్న బావమరిది ఎవరో దివాకర్‌కు గుర్తుంది. పని సెంటర్‌కు వచ్చింది.

“ఏమప్పా తిప్పేషూ, అరగంటలో తేలిపోవల్ల. నేను మాట ఇచ్చిండా,” అన్నాడు దివాకర్.

“ఒక్క కంప్యూటర్‌తో కాదు సార్.”

“ఆరు కొందాంలే.”

ఆరు కంప్యూటర్లు. వాటికి పని పంచి, ఒకేసారి చేయించి, ఫలితాలన్నీ ఒకచోట కూర్చే ప్రోగ్రాం రాయాలి. శుభలేఖల మధ్య కుంగిపోయిన తిప్పేష్‌కు ప్రాణం లేచివచ్చింది. రోజంతా పుస్తకాలు తిరగేశాడు. అవి ఇంగ్లీషులో ఏదో చెప్పాయి గానీ, అతనికి పని పంచుకోవడమంటే కళ్లముందు కదిలింది ఒకటే. వేరుశనగ చేనులో కలుపు తీసే ఆడవాళ్లు.

కలుపు తీసేటప్పుడు తలా ఒక సాలు పట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వంగి సాగుతారు. అందరి చేతులూ ఒకేలా ఆడవు. చెయ్యి చురుకైనది ముందే గట్టు చేరుతుంది. చేరి, నా పని అయిపోయిందని చెట్టు నీడకు పోదు. వెనకబడిన ఆడమనిషి సాలులోకి అటు చివరి నుంచి ఎదురు దిగుతుంది. ఇద్దరూ రెండు వైపుల నుంచీ తీసుకుంటూ వచ్చి నడుమ కలుసుకుంటారు. కలుసుకోగానే నడుములు పట్టుకుని లేచి నిలబడి, ఒకరినొకరు ఎగతాళి చేసుకుని, ఆకు వక్క పంచుకుంటారు. నల్లమ్మ గుంపులో ఈ ఆనవాయితీ తప్పినవాళ్లను మర్నాడు పనికి పిలిచేవాళ్లు కాదు.

తిప్పేష్ అచ్చం అలాగే రాశాడు. ఒక కంప్యూటర్ మేస్త్రి, మిగతావి కూలీలు. మేస్త్రి తలా కొన్ని మండలాలు ఇస్తుంది. అవి ఒక్కో మండలమే ముగించుకుంటూ పోతాయి. తన వంతు మండలాలు అయిపోతే, ఖాళీగా ఉన్న కంప్యూటర్ వెనకబడినదాని మండలంలోకి చివరి ఊరి నుంచి ఎదురు దిగుతుంది. ఎవరు ఏది కూడితే అది మేస్త్రికి పంపుతారు, మేస్త్రి అన్నిటినీ కలిపి, మండలంలోని ఊళ్ల సంఖ్యతో భాగించి, సగటు వాన చెబుతుంది. ఇది తట్టిన రోజు అతను రెండు పూటలూ అన్నం మరిచాడు. తల్లి చేనులో నేర్చినది బెంగళూరు చదువులకు కూడా రాదని లోలోపల మురిసిపోయాడు. దివాకర్ ఆ ప్రోగ్రాంకు ‘వరుణ’ అని పేరు పెట్టి, గుమ్మం మీద బోర్డు రాయించాడు.

సెంటర్లో మొదట చూసుకున్నప్పుడు అన్నీ కొత్త కంప్యూటర్లే, అన్నీ సమానంగా ముగించాయి. ఎవరికీ ఎవరూ ఎదురు దిగే అవసరం రాలేదు. లెక్క అచ్చు గుద్దినట్టు వచ్చింది.

అయితే ఆరు కొంటానన్న దివాకర్ కొన్నది ఐదు. ఆరో దాన్ని తాడిపత్రి బండల ఫ్యాక్టరీ నుంచి తెప్పించాడు. బిల్లులో మాత్రం ఆరూ కొత్తవే. ఆ ముసలి కంప్యూటర్‌కు ఏళ్ల తరబడి రాతి దుమ్ము తిని ఉబ్బసం పట్టింది. మూత విప్పితే లోపల తెల్లటి పొడి, తుడిచి పోగేస్తే ఇంకో బండకు సరిపోయేంత. “నడుస్తాది కదప్పా, నడవనీ,” అన్నాడు దివాకర్. అసలు లెక్క నడిచే రోజున దాన్ని కూడా వరుసలో కూర్చోబెట్టారు.

ఆ రోజు ఆఫీసరు స్వయంగా వచ్చాడు. టెంకాయ కొట్టారు. ఐదు కంప్యూటర్లు పరుగెత్తాయి, ఆరోది రొప్పుతూ నడిచింది. దానికి గుమ్మఘట్ట పడింది, తర్వాత చిలమత్తూరు, ఇంకో రెండు మండలాలు. ఎక్కడ వెనకబడితే అక్కడ కొత్త కంప్యూటర్లు ఎదురు దిగి సాయం పట్టాయి. అరగంట కాకముందే జాబితా బయటికి వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో కరువు ఇంత తొందరగా రావడం తాను చూడలేదని ఆఫీసరు మెచ్చుకున్నాడు. మైసూర్‌పాకు పంచారు.

గుమ్మఘట్ట ఆ జాబితాలో లేదు. తిప్పేష్ దాన్ని మరోసారి పైనుంచి కిందికి చదివాడు. కానీ ఎదురుగా ఉన్నది తన ప్రోగ్రాం ఇచ్చిన అంకె. సగటు వాన గీత దాటింది. తన కళ్లకన్నా తను రాసినదాన్నే ఎక్కువ నమ్మే దశకు అతను అప్పటికి వచ్చేశాడు. చదువుకు పరాకాష్ట అంటే అదే కాబోలు.

మర్నాడు ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి నల్లమ్మ ఫోన్ చేసింది.

“మన మండలం పేరు లేదంటనే, నిజమేనా?”

“నిజమే మా.”

“అయితే గడ్డి రాదా?”

“రాదు. మన తట్టు వాన బాగానే పడినట్టు వచ్చినాది.”

“యాడ పడినాదప్పా? నేను ఈడనే ఉండా కదా. పడింటే నాకు తెలీదా?”

తిప్పేష్‌కు నవ్వు వచ్చింది, విసుగూ వచ్చింది. “అది సగటు మా. నీ చేను ఒక్కటే కాదు, ఊర్లన్నీ కలిపి తీసే లెక్క. నేనే చేసినా. మిషను తప్పు చెప్పదు.”

సగటు అనేది గొప్ప మాట. చదువుకోనివాళ్ల నోరు మూయించడానికి చదువుకున్నవాళ్ల చేతిలో అంతకు మించిన గుడ్డ లేదు.

“కట్టె అయిపోవచ్చినాది,” అంది నల్లమ్మ. వేరుశనగ కాయలు ఒలుచుకోగా మిగిలే ఆ కట్టె తప్ప ఎద్దులకు ఇంకేమీ లేదు. “గడ్డి వచ్చేదుంటే ఎట్లో నెట్టుకొస్తా. రానే రాదంటే చెప్పు, ఏదో ఒకటి చేసుకుంటా.”

“రాదు మా.”

“సరేప్పా. నువ్వు చేసిన లెక్కంటే ఇంక అడిగేదేముండాది.”

ఏదో ఒకటి అంటే ఏమిటని అతను అడగలేదు. ఆ సాయంత్రం దివాకర్ ‘వరుణ’ను పక్క జిల్లాకు కూడా అమ్మే మాట ఎత్తాడు, తిప్పేష్ బుర్ర దాని చుట్టూ తిరుగుతోంది.

వారం గడిచింది. సెంటర్లో వివరాలు ఎక్కించే జయంతిది చిలమత్తూరు. ఎవరూ చూడని కాగితాలు చూడటం ఆ పిల్లకు అలవాటు. గీతకు కింద ఉన్న మండలాలను లోకమంతా చదివింది. గీతకు పైన ఉన్నవాటిని చదివే దురలవాటు ఎవరికీ లేదు. జయంతి చదివి పకపకా నవ్వింది.

“తిప్పేషన్నా, మా చిలమత్తూరులో ఇంత వాన పడినాదా? ఇది పడింటే హిందూపురం రోడ్డే కొట్టుకపోవల్ల కదన్నా. మా నాయన ఇంకా ట్యాంకర్ కాడ బిందె పట్టుకొని నిలబడతాండాడే!”

తిప్పేష్ ఆ కాగితం లాక్కున్నాడు. చిలమత్తూరు మీద పడినట్టున్న వాన నిజంగానే మనుషులు పెళ్లాం పిల్లలతో సహా కొట్టుకుపోవాల్సిన వాన. ఊళ్ల వాన లెక్కలు తీసి జయంతితో కలిసి చేత్తో కూడాడు. వచ్చినది సరిగ్గా కంప్యూటర్ చెప్పినదాంట్లో సగం. వెంటనే గుమ్మఘట్ట కూడాడు. అదీ సగమే.

ముసలి కంప్యూటర్‌కు నాలుగే ఊళ్లు ఇచ్చి, పక్కన కొత్తదాన్ని పెట్టి నడిపించి చూశాడు. కొత్తది చివరి ఊరి నుంచి ఎదురు దిగింది. నడిమికి వచ్చింది. ఆగలేదు. ముసలిది కూడా ఆగలేదు. అది ఇటు చివరిదాకా, ఇది అటు చివరిదాకా తీసుకుంటూనే పోయాయి. రెండూ నాలుగేసి ఊళ్ల వాన తెచ్చి మేస్త్రి ముందు పోశాయి. మేస్త్రి రెండు కుప్పలనూ కలిపేసుకుని నాలుగు ఊళ్లతోనే భాగించింది.

చేనులో ఆడవాళ్లు ఎందుకు ఆగుతారు? ఎదుటి మనిషి కనిపిస్తుంది కాబట్టి. ఇంక ఆగమని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే తిప్పేష్‌కు కూడా చెప్పాలని తోచలేదు. కంప్యూటర్‌కు కళ్లు లేవన్న సంగతి అతను మరిచిపోయాడు. సగం వాన పడిన చోట రెండు సగాలు కలిసి నిండు వాన కురిసింది. గుమ్మఘట్ట కరువు అలా తీరింది.

దివాకర్ అంతా విని, తలుపు వేసి వచ్చి, మెల్లగా అడిగాడు. “నీది ఏ మండలమప్పా?”

“గుమ్మఘట్ట సార్.”

“అయిపాయ పో. సొంత మండలాన్ని దూర్చేదానికి లెక్క మార్చినాడంటారు. నా పరువు పోతాది, నీ పని పోతాది. పడిన వాన పడినట్టే ఉండనీలే. ఎవరికి నష్టం?”

“ఎద్దులకు సార్.”

“ఎద్దులు ఓటేస్తాయా ఏమప్పా?”

దివాకర్ మాటలో న్యాయం లేకపోయినా లోకజ్ఞానం ఉంది. గుమ్మఘట్టవాడు గుమ్మఘట్టలో వాన పడలేదంటే నమ్మరు. అక్కడ వాన పడలేదని చెప్పే అర్హత, ఆ వాన మొహం ఎన్నడూ చూడని కోస్తావాడికే ఉంటుంది. తిప్పేష్ రెండు రోజులు ముద్ద మింగలేక తిరిగాడు. మూడో రోజు దివాకర్ తాడిపత్రి పోయినప్పుడు ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు. గుమ్మఘట్ట మాటే ఎత్తలేదు. చిలమత్తూరు అంకె ఒక్కటే చూపించాడు.

“పేపరోళ్లు దీన్ని ఇంకా చూడలేదు సార్,” అన్నాడు వినయంగా.

ఆఫీసరు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. బిందెల వరుస ఫొటో పక్కన ఈ అంకె అచ్చయితే తన గతి ఏమిటో ఆయన కళ్లకు కట్టింది. పశువుల మీద దయతో కదలని ఫైలు నవ్వులపాలవుతామనే భయంతో లేచి పరుగెత్తింది. తిప్పేష్ ప్రోగ్రాం సరిచేసి, నడిమిన కలిసినచోట ఆగమని ఒకదానికొకటి కబురు పంపుకునేలా రాశాడు. సవరించిన జాబితా వచ్చింది. గుమ్మఘట్ట ఎక్కింది. దివాకర్ పేపర్లో ప్రకటన ఇచ్చాడు. తన తప్పును తానే పట్టుకోగల కంప్యూటర్ రాయలసీమలో ‘వరుణ’ ఒక్కటేనట.

తిప్పేష్ ఆ రోజే బూత్‌కు ఫోన్ చేసి తల్లిని పిలిపించాడు. “మా, మన పేరు ఎక్కినాది. గడ్డి వస్తాది!”

“మంచిపని చేసినావప్పా,” అంది నల్లమ్మ. “ఊరికి మేలు చేసినావు.” ఇంకేమీ అనలేదు. అతను కూడా ఇంకేమీ వినలేదు, సంతోషంలో చెవులు పనిచేయవు.

గడ్డి లారీ వచ్చే రోజు చూసుకుని తిప్పేష్ ఊరికి వెళ్లాడు. కాస్త మెప్పు వస్తే తీసుకుందామనే వెళ్లాడు, అందులో దాచేదేముంది. మెప్పు దొరికింది కూడా. బసప్ప అనే పెద్దరైతు మెడలో దండ వేశాడు. ‘మా ఊరి పిల్లోడు సర్కారు మెడలు వంచినాడు’ అని ఇంకొకరు అరిచారు. లారీ చుట్టూ జనం, దుమ్ము, వరిగడ్డి వాసన. గుమాస్తా పశువుల జాబితా చేత్తో పట్టుకుని ఒక్కో పేరే పిలుస్తున్నాడు. ఆ జాబితా కూడా దివాకర్ సెంటర్లో అచ్చయినదే. తిప్పేష్ దండ సర్దుకుంటూ నిలబడ్డాడు.

“నల్లమ్మ! రెండు ఎద్దులు!”

జనంలోంచి నల్లమ్మ ముందుకు వచ్చింది. “నాకు ఎద్దులు లేవు సామీ. అమ్మేసినా.”

“కంప్యూటర్లో ఉండాయమ్మా. మోపులు తీసుకొని వేలిముద్ర వెయ్యి. నువ్వు తీసుకోకుంటే నా లెక్క తేలదు.”

తిప్పేష్ జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. “ఎప్పుడు మా? ఎప్పుడమ్మినావు?”

“నీతో మాట్లాడినాక వచ్చిన సంతకే,” అంది నల్లమ్మ. “నువ్వే చెప్తివి కదప్పా, రానే రాదని.”

కరువులో సంతకు పోయిన బక్క ఎద్దు మళ్లీ కాడి కిందికి రాదు. దాన్ని ఎవరు కొంటారో, ఏ లారీ ఎక్కిస్తారో ఆ తట్టు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పక్కింటి అక్కమ్మ మోపు నెత్తికెత్తుకుంటూ ఆగింది. ఆమె మనసులో కల్మషం లేదు, అందుకే నోటికి అడ్డూ లేదు. “మీ అమ్మ మాకూ చెప్పిందప్పా. మా తిప్పేషు చెప్పినాడు, గడ్డి రాదు, మీరూ అమ్ముకోండి అని. కంప్యూటర్ చెప్తే వాన పడినట్టేనా అని మేము నవ్వితిమి. ఇంటి కప్పు గడ్డి పీకి మేపుకుంటిమి. నమ్మలేదు కాబట్టి మా ఎద్దులు మిగిలినాయి.”

ఊరంతా అంతే. ఏ సర్కారు కాగితాన్నీ ఎన్నడూ నమ్మని ఊరు ఈసారీ నమ్మలేదు. అన్ని కొట్టాల్లోనూ పశువులున్నాయి. ఆ కాగితాన్ని నమ్మి కొట్టం ఖాళీ చేసుకున్నది దాన్ని రాసినవాడి తల్లి ఒక్కతే. తిప్పేష్ దండ తీసి పడేశాడు. అతనికి ఏడుపు ఆగలేదు. ఊరివాళ్లు అది ఆనందమనుకుని ఇంకో జేజే కొట్టారు.

నల్లమ్మ వేలిముద్ర వేసింది. ఒక మోపు తను ఎత్తుకుంది, ఇంకోటి కొడుకు నెత్తిన పెట్టింది. ఇంటి వైపు పోకుండా నేరుగా అక్కమ్మ కొట్టానికి నడిచింది. మోపు దించి, కట్టు విప్పి, అక్కమ్మ ఎద్దుల ముందు పరిచింది. ఎముకలు తేలిన ఆ ఎద్దులు ఆవురావురుమని తింటుంటే ఒకదాని మెడ నిమురుతూ నిలబడింది.

“తప్పు నాదే మా,” అన్నాడు తిప్పేష్. “మిషనుది కాదు. నేనే తప్పు రాసినా.”

నల్లమ్మ ఎద్దు మెడ మీది నుంచి చెయ్యి తీయలేదు.

“తప్పులు ఎవురు చెయ్యరప్పా. వాన పడలేదని నేను చెప్తి కదా ఆ పొద్దు, ఈడనే ఉండి చూసిన మనిషిని. దాని మాట నాకు చెప్పినావు. నా మాట దానికెందుకు చెప్పలేదు?”

తిప్పేష్ నెత్తిన మోపు అలాగే ఉంది. ఎద్దులు తలలెత్తి దానికోసం చూస్తున్నాయి.